ఆ డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకున్నాడో అడగండి

ప్రశ్న:

నమస్తే అండీ. మాది రాజమండ్రి. రెండు నెలల క్రితం కుటుంబమంతా కలిసి పద్నాలుగు మందిమి అరకు వెళ్లాం. విశాఖ స్టేషన్‌లో ఎక్కించుకోవడం, చుట్టుపక్కల చూపించడం, మళ్లీ స్టేషన్‌లో దింపడం అన్నీ రిసార్టు వాళ్లవే. ఆ డబ్బు ప్యాకేజీలోనే తీసుకున్నారు. రెండో రోజు చాపరాయి దగ్గర మా అత్తయ్య దిగుతుండగానే డ్రైవర్ బస్సు కదిలించాడు. ఆవిడ పడి మణికట్టు ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని అదే బస్సులో బయల్దేరాం. ఆ సాయంత్రం కొండ దిగేటప్పుడు అతను ఒంటి చేత్తో ఫోన్ మాట్లాడుతూ నడిపాడు. బ్రేకులు కాలుతున్న వాసన వచ్చింది. నేను అడిగితే 'టెన్షన్ పడకండి మేడమ్, ఇరవై ఏళ్లుగా ఇదే ఘాట్‌లో నడుపుతున్నా' అన్నాడు. రిసార్టు మేనేజర్‌కు చెబితే డ్రైవర్ మా మనిషి కాదు, కాంట్రాక్టు బండి అని తేల్చేశాడు. ఇప్పుడు మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థానికి మళ్లీ అదే రిసార్టు బుక్ చేశారు. డెబ్బై మంది, మూడు బస్సులు. అడ్వాన్సు కూడా కట్టేశారు. నేను ఏదైనా అంటే 'నీకన్నీ భయాలే' అంటున్నారు. కంప్లైంట్ ఇస్తే ఆ డ్రైవర్ పొట్ట కొట్టినట్టవుతుందని మా వారి బాధ. నేనేం చేయాలి? అప్పటి ప్యాకేజీ కాగితం ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం:

అమ్మా,

మీది అనవసరపు భయం కాదు. నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరి, డిపోలో సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా రిటైరైనవాణ్ణి. ఘాట్ రోడ్డు ఎక్కబోయే ప్రతి కుర్రాడికీ మొదటి రోజు నేను చెప్పిన మాట ఒకటే: వాసన వచ్చిందా, బండి ఆపు. ఆ రోజు ఆ బస్సులో ఈ సంగతి పట్టించుకున్నది మీరొక్కరే.

ఆ వాసన ఎందుకొస్తుందో తెలిస్తే రేపు మీ మాటకు ఇంట్లో బలం ఉంటుంది. కొండ దిగేటప్పుడు బండిని పట్టి ఉంచాల్సింది ఇంజిను. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అనేది ఘాట్ డ్రైవర్ల పాత సూత్రం. కింది గేరులో దిగితే ఇంజినే చక్రాలను వెనక్కి లాగుతూ ఉంటుంది. ఎగ్జాస్ట్ బ్రేక్, అంటే ఇంజిను పొగను అడ్డుకుని వేగం తగ్గించేది, ఉన్న బండి అయితే ఇంకా గట్టిగా పడుతుంది. కాలు మలుపు దగ్గర మాత్రమే బ్రేకు మీదికి వెళ్తుంది. డీజిల్ మిగులుతుందని పై గేరులోనో, న్యూట్రల్‌లోనో వదిలేస్తే ఆ బరువంతా బ్రేకు మీదే పడుతుంది. కొండ కిందికి వచ్చేదాకా కాలు తీయడానికి ఉండదు. బ్రేకు పట్టీలు, అంటే లైనర్లు, చక్రంతో తిరిగే డ్రమ్ముకు రాసుకుని కాలతాయి, డ్రమ్ము వేడికి ఉబ్బుతుంది, పట్టు తగ్గిపోతుంది. ప్రమాదం జరిగాక 'బ్రేకులు ఫెయిలయ్యాయి' అంటారు కదా, నేను దగ్గరుండి చూసిన బండ్లలో చాలావాటికి ఏ పైపూ తెగలేదు. లైనర్లు మాడిపోయి ఉన్నాయి, అంతే.

వాసన వస్తే వెడల్పున్న చోట ఎడమపక్కకు ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రం కింద రాయి పెట్టి, అరగంట ఆరనివ్వాలి. తొందరపడి డ్రమ్ము మీద నీళ్లు కొట్టకూడదు, పగులుతుంది. అరగంట ఆలస్యమైతే రైలు తప్పిపోతుందని అనిపించినా సరే, ఆపించండి.

ఇక ఆ డ్రైవర్ సంగతి. మీరు పంపిన ప్యాకేజీ కాగితం చూశాను. మీ ఉత్తరంలో లేని కథ అందులో ఉంది. ఒకసారి నాతో పాటు ఆ రెండు రోజులు అతని సీట్లో కూర్చుని చూడండి.

మొదటి రోజు ఉదయం ఐదున్నరకు విశాఖ స్టేషన్ పికప్. అరకు నుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ ఉంది. అంటే అతను అర్ధరాత్రి దాటాక కొండ దిగి ఉండాలి, లేదా ముందు రాత్రే వచ్చి స్టేషన్ బయట బండిలో పడుకుని ఉండాలి. మిమ్మల్ని ఎక్కించుకుని శృంగవరపుకోట, బొడ్డవర మీదుగా పైకి తెచ్చాడు. మధ్యాహ్నం పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం. రాత్రి క్యాంప్ ఫైరు, థింసా నాట్యం. దాని ఎదురుగా 'రాత్రి 11 వరకు' అని రాసి ఉంది. రెండో రోజు తెల్లవారుజామున మూడున్నరకు మాడగడ, మబ్బులు చూడటానికి. తర్వాత చాపరాయి, గాలికొండ, బొర్రా గుహలు, సాయంత్రం దిగడం, రాత్రి స్టేషన్ డ్రాప్. ఈ మొత్తంలో అతను పడుకోగలిగింది పదకొండుకూ మూడున్నరకూ మధ్య. అందులోనే బండి కడగాలి, తినాలి.

ఎక్కడ పడుకున్నాడు? రిసార్టుల ముందు రాత్రిపూట ఆగి ఉన్న బస్సుల్లోకి నేను చాలాసార్లు తొంగి చూశాను. చివరి సీటు మీద, మోకాళ్లు ముడుచుకుని, తలకింద సీటు కవరు మడత పెట్టుకుని పడుకుంటారు. చలికాలంలో అరకులో అద్దాలు మూస్తే ఊపిరాడదు, తీస్తే పళ్లు కటకటలాడతాయి. గెస్టులకు వేడినీళ్లున్న గది ఉంటుంది. డ్రైవర్‌కు స్నానానికి వెనక కుళాయి ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం 2023లో హోటళ్లు, లాడ్జీల్లో డ్రైవర్లకు పడుకునే చోటు, టాయిలెట్లు ఉండాలని భవన నిర్మాణ నిబంధనల్లోనే చేర్చింది. మన దగ్గర కూడా అది రావాలని నా కోరిక.

నిద్రలేమి ఎంత చేటో చెప్పడానికి ఒక లెక్క చాలు. మనిషి 17 గంటలు నిద్రపోకుండా ఉంటే అతని చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం వరకే. అది దాటితే మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నిద్రకు మాత్రం ఊదించే మిషను లేదు. తాగినవాడి స్టీరింగ్ లాక్కునే మనం, రెండు రాత్రులు నిద్రలేనివాడి వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకుని పాటలు పెట్టుకుంటాం.

నాకిది పుస్తకంలో చదివిన సంగతి కాదు. ఆర్టీసీలో చేరకముందు ఒక ప్రైవేటు ఓనరు దగ్గర టూరిస్టు బస్సు నడిపాను. సీజన్‌లో వరసగా మూడు రాత్రులు వేశాడు. నాలుగో తెల్లవారుజామున, కళ్లు తెరిచే ఉన్నాయి, రోడ్డు కనబడుతూనే ఉంది, కానీ చెట్ల వరస ఒక్కసారి నా ముందు నుంచి పక్కకు జరిగింది. ఎడమ చక్రాలు మట్టిలో దిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. రెండు మూడు సెకన్లు పోయాయంతే. నలభై మంది నిద్రలో ఉన్నారు, ఒక్కరికీ తెలియలేదు. చదునైన రోడ్డు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఘాట్‌లో ముప్పై స్పీడులో వెళ్తున్నా మూడు సెకన్లలో బస్సు పాతిక మీటర్లు పోతుంది. కొన్ని మలుపుల దగ్గర అంత రోడ్డే ఉండదు.

2021 ఫిబ్రవరి 12న హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం అరకు చూసుకుని తిరిగొస్తుంటే, చీకటి పడే వేళ అనంతగిరి దగ్గర డముకు మలుపులో బస్సు లోయలో పడింది. నలుగురు చనిపోయారు. మీరు దిగిన దారి అదే, మీరు దిగిన వేళ కూడా దాదాపు అదే. మీ ఇంట్లో వాళ్లను భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. రోజంతా తిప్పి, అలిసిపోయిన మనిషి చేత సాయంత్రం ఘాట్ దింపించే షెడ్యూలు ఎవరు రాశారో అడగమంటున్నాను.

డ్రైవర్ పనిగంటల గురించి చట్టం ఎప్పటి నుంచో మాట్లాడుతోంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదు గంటల పనికి కనీసం అరగంట విశ్రాంతి, ఒక రోజు డ్యూటీ దిగి మళ్లీ ఎక్కడానికి మధ్య కనీసం తొమ్మిది గంటలు అంది. మీ ప్యాకేజీ కాగితంలో ఆ తొమ్మిది గంటలు ఎక్కడున్నాయో వెతకండి.

మరి ఫోన్? ఫోన్ విషయంలో నేను అతన్ని వెనకేసుకురాను. నిద్ర లేకపోవడం అతని చేతిలో లేకపోవచ్చు, ఫోన్ చేతిలోనే ఉంది. ఓనరు నుంచి వచ్చిన కాల్ అయినా, ఇంటి నుంచి వచ్చిన కాల్ అయినా, ఘాట్‌లో ఒంటి చెయ్యి అంటే ఒంటి చెయ్యే. 'ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా' అన్న మాటకు కూడా నేను విలువివ్వను. శిక్షణలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కొత్తవాళ్లు కాదు, అలవాటు పడినవాళ్లు.

ఇప్పుడు అత్తయ్యగారు పడిన సంగతి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పడిపోవడం చిన్న విషయంగా కొట్టిపారేస్తారు కానీ, పెద్దవాళ్ల ఎముకలు విరిగేది అక్కడే. ఆర్టీసీ బస్సులో కండక్టర్ 'రైట్ రైట్' అంటే తప్ప డ్రైవర్ క్లచ్ వదలడు. ఆ రెండు మాటల కోసమే ఒక మనిషి తలుపు దగ్గర నిలబడతాడు. రిసార్టు బస్సులో కండక్టర్ లేడు, చాలాసార్లు క్లీనర్ కూడా ఉండడు. లోపల నాలుగు బ్యాగులు, ఇద్దరు నిలబడ్డ మనుషులు అడ్డుంటే తలుపు మెట్టు మీద ఒక కాలు పెట్టిన ముసలావిడ డ్రైవర్‌కు అద్దంలో కనబడదు. తలుపు చప్పుడైంది, అందరూ దిగారనుకుంటాడు. అందుకని ఈసారి మూడు బస్సులకూ మీ వాళ్లలోనే ముగ్గురు కుర్రాళ్లను పెట్టండి. చివరి మనిషి రెండు కాళ్లూ నేల మీద పెట్టాక ఆ కుర్రాడు 'రైట్' అనాలి, అప్పుడే బండి కదలాలి. డ్రైవర్‌కు ఈ మాట బయల్దేరే ముందే చెప్పండి, సంతోషిస్తాడు. బండి వెనక్కి తీసేటప్పుడు కూడా వాడే దిగి వెనక నిలబడాలి. రిసార్టు ఆవరణలో పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. ఆసుపత్రిలో ఏమని రాయించారు? 'పోలీసుల గొడవ మనకెందుకు' అని చాలామంది 'బాత్రూమ్‌లో జారిపడ్డారు' అని చెప్పేస్తారు. అలా రాస్తే బీమా సంగతి అక్కడితో సరి. బస్సు మెట్టు మీద నుంచి పడ్డారని ఉంటే మాత్రం దారి మూసుకుపోలేదు. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం అడగాలి. మీకు రెండు నెలలే అయింది. డ్రైవర్ తప్పు ఎంతన్న వాదన లేకుండానే, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడిగే వీలు మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్‌లో ఉంది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. ఆ డబ్బు ఇచ్చేది బండి ఓనరు, బీమా కంపెనీ. డ్రైవర్ జీతంలో నుంచి కాదు, మీ వారికి ఈ మాట చెప్పండి. ఎక్స్‌రే, బిల్లులు, బండి నంబరు, ఆ రోజు ఫొటోలు తీసుకుని దగ్గర్లో ఉన్న లాయర్‌ను కలవండి.

'డ్రైవర్ మా మనిషి కాదు' అన్న మేనేజర్ మాట మీరు అంత తేలిగ్గా ఒప్పుకోనక్కర్లేదు. పికప్, డ్రాప్ అని ప్యాకేజీలో రాసి, డబ్బు తీసుకుని, రసీదు ఇచ్చింది ఎవరు? రిసార్టే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఆ సేవలో లోపానికి మీరు వాళ్లనే నిలదీయవచ్చు. 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు ఎలా పెట్టాలో చెబుతారు. వంటవాణ్ణి కాంట్రాక్టు మీద పెట్టుకుంటే అన్నంలో రాయి వచ్చినప్పుడు మాది కాదంటారా?

ఇక రాబోయే నిశ్చితార్థం. రద్దు చేయమని నేను చెప్పను. డెబ్బై మందిని తీసుకెళ్తున్నారంటే మీ చేతిలో బలం ఉంది, దాన్ని వాడుకోండి.

ముందు బండ్ల నంబర్లు రెండు రోజుల ముందే అడిగి తెప్పించుకోండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది అద్దెకు తిప్పే బండి. తెల్లప్లేటు బండిలో మనుషుల్ని డబ్బుకు ఎక్కించడం చట్టవిరుద్ధం, ప్రమాదమైతే బీమా కంపెనీ అక్కడే అడ్డం తిరుగుతుంది. రిసార్టు సొంత వ్యాన్లలో తెల్లప్లేటువి నేను చాలానే చూశాను. నంబరును ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటి దాకా ఉంది, బీమా ఉందా లేదా, ఎన్ని సీట్ల బండి అన్నీ వచ్చేస్తాయి. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. కాగితం మీద ఎఫ్‌సీ ఉన్నంత మాత్రాన లైనర్లు బాగున్నాయని కాదు, కానీ కాగితమే లేని బండి ఎక్కడానికి కారణం ఏముంది?

సీట్ల లెక్క దగ్గర మన బంధువులే మనకు అడ్డం వస్తారు. 'సర్దుకుందాం', 'పిల్లలే కదా, ఒళ్లో కూర్చుంటారు' అంటారు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు నుంచి దిగుతూ లోయలో పడిన బస్సులో వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా పోయారు. ఎక్కువ బరువుతో దిగే బండిని పట్టుకోవడం ఏ బ్రేకుకైనా కష్టం. సీట్ల కంటే ఎక్కువమందిని ఎక్కిస్తే మనిషికి 200 రూపాయల జరిమానా అని చట్టం అంటుంది. అదనపు మనుషులు దిగేదాకా బండి కదలకూడదని కూడా అంటుంది. డెబ్బై మందికి మూడు ఇరవై ఆరు సీట్ల బండ్లయితే సరిపోతాయి, ఇరవై సీట్లవి తెస్తే ఒక బండి ఎక్కువ పెట్టమనండి. డబ్బు కాస్త పెరుగుతుంది, డెకరేషన్‌లో తగ్గించండి.

టెంపో ట్రావెలర్ అయితే బెల్టులుంటాయి, సీటు సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. బయటికి తీసి అందరి చేతా పెట్టించండి. సామాను వెనక తలుపుకూ అత్యవసర ద్వారానికీ అడ్డంగా పేర్చకూడదు. అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో ఒకసారి కన్నేయండి.

వేళల విషయంలో మాత్రం మొండిగా ఉండండి. చీకటి పడేలోపు ఘాట్ దిగిపోవాలి. తెల్లవారుజామున మబ్బులు చూడాలంటే, ఆ ట్రిప్పుకు అక్కడి స్థానిక జీపులు మాట్లాడుకోండి, బస్సు డ్రైవర్లను పడుకోనివ్వండి. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని టైం పెట్టారు. అంతకంటే ముందు చేరితే తప్పు చేసినట్టు లెక్క. ఎక్కడం కంటే దిగడానికి ఎక్కువ టైం ఇచ్చారు చూడండి, అదీ తెలిసినవాళ్లు పెట్టిన లెక్క. అరకు ఘాట్‌లో అలా టైం కాగితం ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి ఆ పని మీరే చేయాలి. 'ఎంత టైమైనా పర్వాలేదు, మెల్లగా పోనివ్వండి' అని ఒక్కసారి డ్రైవర్‌కు ముందే చెబితే అతని భుజాల మీద నుంచి సగం బరువు దిగిపోతుంది. వెనక సీట్లో నుంచి 'ఇంకెంతసేపు' అని అడిగేవాళ్లను ముందే మందలించి పెట్టండి.

మగపెళ్లివారి కుర్రాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. క్యాంప్ ఫైర్ దగ్గర డ్రైవర్‌కు గ్లాసు అందించేది బయటివాళ్లు కాదు, మన వాళ్లే. 'ఒక్కటే అన్నా' అంటారు. గెస్టు ఇస్తే కాదనలేడు. అతనికి భోజనం పెట్టండి, మీ పంక్తిలోనే పెట్టండి, తొమ్మిదింటికల్లా పంపించేయండి.

దారిలో అతను కునుకు తీస్తున్నాడని అనిపిస్తే ఎలా తెలుస్తుందంటే, ఆవలింతలు వరసగా వస్తాయి, ముఖం రుద్దుకుంటాడు, చల్లగా ఉన్నా కిటికీ తీస్తాడు, ఎదురు బండికి లైటు డిమ్ చేయడం మరిచిపోతాడు, గేరు ఒకసారి పడక రెండోసారి వేస్తాడు, బండి ఎడమ అంచుకు జరిగి మళ్లీ లోపలికి వస్తూ ఉంటుంది. అప్పుడు నలుగురిలో 'నిద్రపోతున్నావా' అని అరిస్తే పౌరుషానికి పోయి ఆపడు. ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి 'బాబూ, కడుపులో తిప్పుతోంది, కాస్త ఆపు' అనాలి. బస్సులో వాంతి అంటే ఏ డ్రైవరైనా ఆపుతాడు. ఆగాక దించి, టీ తాగించి, ఇరవై నిమిషాలు సీటు వెనక్కి వాల్చుకుని పడుకోమనండి. ఆ ఇరవై నిమిషాలు చాలా పనిచేస్తాయి. అయినా తేడా కనబడితే ఎక్కకండి. రిసార్టుకు ఫోన్ చేసి వేరే డ్రైవర్‌ను రప్పించండి. ప్రమాదకరంగా నడుపుతుంటే 112కు కొట్టండి. కొత్త బస్సుల్లో ఎర్ర ప్యానిక్ బటన్ కూడా ఉంటుంది.

టీకి గాలికొండ దగ్గర ఆపినప్పుడు, డ్రైవర్ దిగితే అందరూ దిగండి. వాలులో ఆపిన బండిలో పిల్లల్ని, ముసలివాళ్లను 'మీరు కూర్చోండి' అని వదిలేసి బొంగులో చికెన్‌కు వెళ్లకండి. చక్రం కింద రాయి పెట్టాడో లేదో మీ కుర్రాణ్ణి చూడమనండి.

మీ వారి మాట గురించి. డ్రైవర్ పొట్ట కొట్టకూడదన్న ఆయన మనసు మంచిది. ఫిర్యాదు ఎలా రాస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. 'ఫలానా డ్రైవర్‌ను తీసేయండి' అని రాస్తే వాళ్లకు పని సులువు. అతన్ని తీసేసి, రేపు అదే షెడ్యూలులో ఇంకొకణ్ణి, బహుశా అంతకంటే చిన్నవాణ్ణి, తక్కువ బత్తాకు పెడతారు. మీ తర్వాత వచ్చే కుటుంబానికి ఏమీ మారదు. ఫోన్ సంగతి రాయండి, తలుపు సంగతి రాయండి, దాచకండి. దానితో పాటు ఆ షెడ్యూలు వేసిందెవరో, అతనికి నిద్ర ఎక్కడ ఇచ్చారో కూడా రాయండి. నోటితో చెబితే గాలికి పోతుంది. వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో రాసి పంపండి, జవాబు దాచుకోండి.

మీ తరఫున నేనే రాసి ఇస్తున్నాను, ఉన్నదున్నట్టు పంపేయండి:

'నమస్తే. ఫలానా తేదీన మా కుటుంబ వేడుకకు మీ దగ్గర బుక్ చేసుకున్నాం. గతంలో మీ బస్సు దిగుతుండగా కదిలించడం వల్ల మా అత్తయ్యగారి చెయ్యి విరిగింది. ఘాట్‌లో డ్రైవర్ ఫోన్ మాట్లాడాడు. ఈసారి బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఈ వివరాలు మాకు రాతపూర్వకంగా కావాలి. మూడు బండ్ల నంబర్లు ఏమిటి? ప్రతి బండికీ డ్రైవర్‌తో పాటు క్లీనర్ ఉంటాడా? చీకటి పడేలోపు ఘాట్ దిగేలా టైములు మారుస్తారా? ముందు రాత్రి డ్రైవర్లు ఏ గదిలో, ఎన్ని గంటలు పడుకుంటారు? ఈ జవాబులు వచ్చాకే మిగతా డబ్బు కడతాం.'

మొదటి మూడింటికీ గంటలో జవాబు వస్తుంది. నాలుగోది దాటేస్తారు, లేదా 'అన్నీ చూసుకుంటాం మేడమ్' అంటారు. అప్పుడు అదొక్కటే మళ్లీ పంపండి. గది నంబరు చెప్పేదాకా డబ్బు కట్టొద్దని మీ ఆడపడుచుకు చెప్పండి. మీరు అక్కడికి చేరిన రాత్రి భోజనాలయ్యాక, ఆ కుర్రాళ్లలో ఒకణ్ణి పంపి ఆ గదిలో మంచం, దుప్పటి ఉన్నాయో లేదో చూసి రమ్మనండి.